స్పీకర్ కేబుళ్ల స్వీయ తయారీ

ఇంటి ఆడియో వ్యవస్థలో ఆంప్లిఫయర్ నుంచి స్పీకరు పెట్టెకు సంకేతాన్ని చేరవేసే రెండు తీగల జతను స్పీకర్ కేబులు అంటారు. ప్లగ్గులు బిగించి ప్యాకెట్లో అమ్మే కేబులుకు బదులు మీటర్ల లెక్కన రాగి వైరు కొని, గదికి తగిన కొలతకు కోసి, కొసలు సిద్ధం చేసి, పరీక్షించి వాడుకోవడమే స్వీయ తయారీ. మైకు కేబుళ్లు, ఆర్‌సీఏ లీడ్లు దీని పరిధిలోకి రావు. వాటిలో ప్రవహించేది అతి బలహీనమైన సంకేతం కాబట్టి బయటి రొద సోకకుండా షీల్డు కావాలి. స్పీకర్ కేబులు పని వేరు. 8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్లు అందుతున్నప్పుడు ఈ తీగలో 2.5 ఆంపియర్ల కరెంటు నడుస్తుంది, దాని వెనక 20 వోల్టులు ఉంటాయి. ఇక్కడ షీల్డు కన్నా తీగ మందం ముఖ్యం.

ప్రాంతం

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్న ధర్మపురి తమిళనాడు వాయవ్య భాగంలోని జిల్లా కేంద్రం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న నరసింహ క్షేత్రం వేరు. తమిళనాడు ధర్మపురి 1965లో సేలం జిల్లా నుంచి విడిపడింది. దాని ఉత్తర భాగం 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఈ రెండు జిల్లాల్లోనూ తమిళంతో పాటు తెలుగు, కన్నడం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. బెంగళూరు, సేలం నగరాలను కలిపే 44వ జాతీయ రహదారి మీద ఉండటం వల్ల ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు ఇక్కడివాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ కన్నా బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర. అయితే స్పీకర్ కేబులుకు కావలసిన సామగ్రిలో ముఖ్యమైన రాగి వైరు కోసం అంత దూరం వెళ్లక్కరలేదు. ఇళ్ల వైరింగు సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా అది దొరుకుతుంది.

అడిగేటప్పుడు ఒక మాట తేడా గుర్తుంచుకోవాలి. తమిళంలో రాగిని ‘సెంబు’ అంటారు. తెలుగులో చెంబు అంటే నీళ్ల పాత్ర. దుకాణదారులు ఎక్కువగా ‘కాపర్’ అనే అంటారు గానీ, ‘సెంబు కంబి’ అన్న మాట వినబడితే అది రాగి తీగ.

చరిత్ర

వాల్వు రేడియోల కాలంలో స్పీకరు తీగ గురించి ఆలోచించే అవసరం ఇళ్లలో ఎవరికీ కలగలేదు. మర్ఫీ, బుష్ రేడియోల్లో స్పీకరు పెట్టెలోనే ఉండేది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు నుంచి స్పీకరు దాకా తీగ జానెడు ఉంటే ఎక్కువ. పొడవాటి తీగతో మొదట పనిపడింది సినిమా హాళ్లకు, మైక్ సెట్ల వాళ్లకు. టూరింగ్ టాకీసులో ఆంప్లిఫయర్ ప్రొజెక్టరు దగ్గర ఉంటే స్పీకరు తెర వెనక ఉండేది. జాతరల్లో, తెరుక్కూత్తు అనే తమిళ వీధినాటకం ఆడే రాత్రుల్లో హారన్ స్పీకర్లు చెట్లకు, స్తంభాలకు ఎక్కేవి. అంత దూరానికి సన్న తీగ సరిపోవడానికి కారణం 100 వోల్టుల లైను పద్ధతి. 100 వాట్లను నేరుగా 8 ఓమ్‌ల స్పీకరుకు పంపితే సుమారు 3.5 ఆంపియర్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని 100కు పెంచి పంపితే 1 ఆంపియర్ చాలు. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే తీగలో నష్టం పన్నెండో వంతుకు పడిపోతుంది. మైక్ సెట్ వైరును తెచ్చి ఇంటి స్టీరియోకు తగిలించినప్పుడు శబ్దం తగ్గిందనిపించడం వెనక ఉన్నది ఈ లెక్కే. ఇంటి ఆంప్లిఫయర్లలో ఆ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు.

వాల్వు యుగపు బ్రిటిష్ స్పీకర్లు చాలావరకు 15 ఓమ్‌లవి. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు వచ్చాక 8, 4 ఓమ్‌ల స్పీకర్లు మామూలయ్యాయి. ఈ ఓమ్‌ల అంకె, అంటే ఇంపెడెన్స్, తగ్గేకొద్దీ తీగ నిరోధానికి ప్రాధాన్యం పెరిగింది. మన దగ్గర 1980, 90 దశకాల్లో క్యాసెట్ డెక్కులతో పాటు అసెంబుల్డ్ ఆంప్లిఫయర్ల సంప్రదాయం స్థిరపడింది. రిచీ స్ట్రీట్, ఎస్పీ రోడ్డు, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి ఎల్‌ఏ4440, ఎస్‌టీకే రకం ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చి, చెక్క పెట్టెలు కొట్టించి, సొంత సెట్టు కట్టుకొనేవాళ్లు. ఆ సెట్లకు స్పీకరు తీగ కూడా సొంతంగా కోసుకున్నదే. దానికి ప్రత్యేకంగా పేరేదీ ఉండేది కాదు. అంటే ఈ ప్రాంతంలో స్వీయ తయారీ కొత్తగా వచ్చిన అభిరుచి కాదు, మొదటి నుంచీ ఉన్న వాడుక.

పాశ్చాత్య దేశాల్లోనూ 1970ల దాకా టేబుల్ లాంపు తీగనే స్పీకర్లకు వాడేవారు. నోయెల్ లీ 1979లో అమెరికాలో మాన్‌స్టర్ కేబుల్ సంస్థను స్థాపించిన తర్వాత స్పీకర్ తీగ పేరున్న, ధర పలికే సరుకుగా మారింది. దాని వెంటే వివాదమూ మొదలైంది (చూ. వినికిడి పరీక్షలు).

విద్యుత్ ధర్మాలు

కేబులు ప్రవర్తనను మూడు గుణాలు నిర్ణయిస్తాయి: నిరోధం, ప్రేరకత్వం, కెపాసిటెన్స్. ఇంటి కొలతల్లో వీటిలో నిరోధానిదే పైచేయి.

నిరోధం తీగ పొడవుకు అనులోమంగా, అడ్డుకోత వైశాల్యానికి విలోమంగా ఉంటుంది. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి ఆంప్లిఫయర్ నుంచి స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే లెక్కలోకి వచ్చే తీగ 10 మీటర్లు. ప్రమాణాల ప్రకారం పలు పోగుల మెత్తటి రాగి వైరు నిరోధం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కిలోమీటరుకు 0.75 చదరపు మి.మీ. తీగలో 26 ఓమ్‌లు, 1.5లో 13.3, 2.5లో 7.98, 4లో 4.95 ఓమ్‌లు మించకూడదు. ఆ లెక్కన మన 10 మీటర్ల తీగలో నిరోధం వరసగా 0.26, 0.133, 0.08, 0.05 ఓమ్‌లు. రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి వేసవిలో గది 40 డిగ్రీలకు వేడెక్కితే ఈ అంకెలకు 8 శాతం చేర్చుకోవాలి.

ఎంత నిరోధం వరకు ఫరవాలేదు? స్పీకరు ఇంపెడెన్స్‌లో 5 శాతం మించకూడదన్నది విస్తృతంగా వాడుకలో ఉన్న హద్దు. మెకింటోష్ సంస్థలో శబ్దశాస్త్ర పరిశోధనకు నాయకత్వం వహించిన రోజర్ రసెల్ తీగల చరిత్రపై రాసిన వ్యాసంలో ఈ హద్దు ఆధారంగానే పట్టిక ఇచ్చారు. 8 ఓమ్‌ల స్పీకరుకు అది 0.4 ఓమ్, 4 ఓమ్‌ల స్పీకరుకు 0.2 ఓమ్. కాబట్టి 5 మీటర్ల దూరానికి 1.5 చదరపు మి.మీ. తీగ రెండు రకాల స్పీకర్లకూ సరిపోతుంది. హాలు వెనక గోడ దగ్గర పెట్టే సరౌండ్ స్పీకర్లకు తీగ గోడల వెంట చుట్టూ తిరిగి 12 మీటర్లు దాటితే 2.5 తీసుకోవాలి.

ఈ హద్దుకు మూలం శక్తి నష్టం ఒక్కటే కాదు. 8 ఓమ్‌లు అని రాసి ఉన్న స్పీకరు అన్ని పౌనఃపున్యాల వద్దా 8 ఓమ్‌లు కాదు. ఒకచోట 6కు దిగి, బాస్ అనునాదం దగ్గర 30కి ఎక్కవచ్చు. తీగలో 0.42 ఓమ్ నిరోధం ఉంటే 6 ఓమ్‌ల చోట శబ్దం 0.59 డెసిబెల్ తగ్గుతుంది, 30 ఓమ్‌ల చోట 0.12 మాత్రమే. అంటే స్పీకరు తయారుచేసినవాళ్లు ఉద్దేశించిన స్వర సమతుల్యం అర డెసిబెల్ మేర వంగుతుంది. 0.133 ఓమ్ తీగతో ఆ వంపు 0.15 డెసిబెల్‌కు తగ్గుతుంది. సన్న తీగ చేసే అసలు హాని ఇదే.

డాంపింగ్ ఫాక్టర్ (స్పీకరు ఇంపెడెన్స్‌ను ఆంప్లిఫయర్ నిర్గమ నిరోధంతో భాగిస్తే వచ్చే అంకె) గురించిన భయం మాత్రం అతిగా ప్రచారమైంది. ఆంప్లిఫయర్ నిర్గమ నిరోధం 0.04 ఓమ్ అయితే 8 ఓమ్‌ల స్పీకరుకు ఆ ఫాక్టర్ 200. 0.133 ఓమ్ తీగ చేరగానే 46కు పడిపోతుంది. అంకె భయపెడుతుంది. కానీ కోను కదలికను అదుపు చేసే వలయంలో వాయిస్ కాయిల్ సొంత నిరోధం సుమారు 6 ఓమ్‌లు ఎప్పుడూ ఉండనే ఉంటుంది. మొత్తం 6.04 నుంచి 6.17కు మారడం రెండు శాతం తేడా మాత్రమే.

ప్రేరకత్వం రెండు తీగల మధ్య ఎడాన్ని బట్టి పెరుగుతుంది. పక్కపక్కన అతికి ఉన్న జోడు తీగలో అది మీటరుకు సుమారు 0.6 మైక్రోహెన్రీ. 5 మీటర్లకు 3 మైక్రోహెన్రీలు, అంటే 20 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 0.38 ఓమ్ ప్రతిరోధం. ఇది 8 ఓమ్‌లకు లంబంగా కలుస్తుంది గనుక మొత్తం 8.01 ఓమ్‌ల లోపే ఉంటుంది. ఎరుపు, నలుపు తీగలను గది రెండు మూలల నుంచి వేరువేరుగా తీసుకెళ్తే మాత్రం ప్రేరకత్వం బాగా పెరుగుతుంది. రెంటినీ కలిపి ఉంచడం, వీలైతే మెలిపెట్టడం అందుకే.

కెపాసిటెన్స్ మామూలు జోడు తీగలో పట్టించుకోనక్కరలేనంత తక్కువ. జడ అల్లికల్లో అది పెరుగుతుంది (చూ. తీగ రకాలు).

రెండు స్పీకర్లకూ తీగ పొడవు సరిసమానంగా ఉండాలన్న నియమం తరచు వినబడుతుంది. 2 మీటర్ల తేడా వల్ల సంకేతం ఆలస్యమయ్యేది సెకనులో పది కోట్లో వంతు. స్పీకరును ఒక సెంటీమీటరు ముందుకు జరిపితే శబ్దం చేరే సమయంలో వచ్చే తేడా 29 మైక్రోసెకన్లు, అంటే దానికి దాదాపు మూడు వేల రెట్లు. పొడవు సమానం చేయడం కోసం మిగులు తీగను చుట్టచుట్టి వెనక పడేయడం కన్నా స్పీకర్లను టేపుతో కొలిచి నిలబెట్టడం మేలు.

తీగ రకాలు

ఎలక్ట్రికల్ దుకాణాల్లో మెత్తటి జోడు వైరును పోగుల లెక్కతో పిలిచే పాత వాడుక ఇంకా ఉంది. ‘23/36’ అంటే 36 గేజీ, అంటే 0.19 మి.మీ. వ్యాసం గల పోగులు 23 అని అర్థం. ఆ ప్రకారం 14/36 వైశాల్యం సుమారు 0.4 చదరపు మి.మీ., 23/36 సుమారు 0.67, 40/36 సుమారు 1.17, 70/36 సుమారు 2.05. చవక మ్యూజిక్ సిస్టంలతో వచ్చే తీగ తరచు 14/36 కన్నా సన్నగా ఉంటుంది. చిన్న గదిలో 3 మీటర్ల లోపు దూరానికి 40/36 బాగా సరిపోతుంది.

రెండో మార్గం ఇంటి వైరింగుకు వాడే ఒంటి తీగ. భారతీయ ప్రమాణం ఐఎస్ 694 గుర్తు ఉన్న పీవీసీ వైరు 90 మీటర్ల చుట్టల్లో వస్తుంది. ఎరుపు, నలుపు చుట్టల నుంచి కావలసినంత కోయించుకొని రెంటినీ కలిపి మెలిపెడితే మంచి కేబులు తయారవుతుంది. రాగి నాణ్యతకు లిఖితపూర్వక ప్రమాణం ఉండటం, వైశాల్యం వైరు మీదే ముద్రించి ఉండటం దీని బలం. పీవీసీ కాస్త బిరుసుగా ఉండి నేల మీద సాఫీగా పరుచుకోకపోవడం లోపం.

మూడోది కంప్యూటర్ నెట్‌వర్కుకు వాడే క్యాట్5 తీగల అల్లిక. ఒక కేబులులో ఎనిమిది తీగలు, ఒక్కొక్కటి 0.205 చదరపు మి.మీ. మూడు కేబుళ్లను జడలా అల్లి, ప్రతి జంటలో ఒక తీగను ధనానికి, రెండోదాన్ని రుణానికి కలిపితే ఒక్కో వైపు 2.46 చదరపు మి.మీ. వస్తుంది. ప్రేరకత్వం చాలా తక్కువ. కానీ కెపాసిటెన్స్ మీటరుకు సుమారు 600 పికోఫారడ్‌లకు చేరుతుంది, కొన్ని ఆంప్లిఫయర్లు దీనికి అస్థిరమై డోలనాల్లోకి జారే ప్రమాదం ఉంది. ఒక్కో చివర ఇరవై నాలుగు కొసలను ఒలిచి, గీకి, కలపడానికి ఒక పూట పడుతుంది. ఆ శ్రమకు తగిన లాభం కొలతల్లో కనబడదు.

ఆక్సిజన్ లేని రాగి అని ప్రత్యేకంగా అమ్మే తీగకూ, మామూలు విద్యుత్ శ్రేణి రాగికీ వాహకత్వంలో తేడా ఒక శాతం ప్రాంతంలో ఉంటుంది. అసలు జాగ్రత్త పడవలసింది రాగి పూసిన అల్యూమినియం విషయంలో. దాని వాహకత్వం రాగిలో మూడింట రెండు వంతులే. 1.5 అని కొన్న తీగ రాగి లెక్కలో 1.0కి సమానం. గుర్తుపట్టడానికి ఒక పోగును బ్లేడుతో గీకాలి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియం. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూత పూసిన రాగి, అది మంచిదే. చుట్టను చేతిలో పట్టుకున్నప్పుడు అసహజంగా తేలిగ్గా ఉన్నా అనుమానించాలి. రాగి సాంద్రత అల్యూమినియంకు మూడు రెట్లకు పైగా ఉంటుంది.

తయారీ

ముందుగా తీగ వెళ్లే దారిని తాడుతో కొలవాలి. గోడ మూలలు, తలుపు చట్రాలు చుట్టి వచ్చే దారినే కొలవాలి. అటూ ఇటూ అర మీటరు చొప్పున కలిపి కోయాలి. ఒంటి తీగలను మెలిపెట్టదలిస్తే ఇంకాస్త ఎక్కువ తీసుకోవాలి, ఎందుకంటే మెలిక పడేకొద్దీ పొడవు తగ్గుతుంది. రెండు కొసలను కిటికీ ఊచకు కట్టి, రెండో వైపు కొసలను డ్రిల్లు చక్‌లో బిగించి, తీగను బిగువుగా పట్టుకొని నెమ్మదిగా తిప్పితే సమానమైన మెలిక వస్తుంది. వేగంగా తిప్పితే ఒకచోట ముడిపడి ఇన్సులేషన్ నలుగుతుంది.

కొసను 10 నుంచి 12 మి.మీ. మేర ఒలవాలి. కటింగ్ ప్లేయర్‌తో లాగేటప్పుడు పోగులు తెగడం సర్వసాధారణం. అలా తెగినప్పుడు ఆ కొసను పూర్తిగా కోసేసి మళ్లీ ఒలవడమే సరైన పని. ఒలిచిన పోగులను బిగువుగా పేని, ఒక్కటీ పక్కకు పొడుచుకు రాకుండా చూడాలి.

కొస ముగింపు ఆంప్లిఫయర్ టెర్మినల్‌ను బట్టి ఉంటుంది. స్ప్రింగ్ క్లిప్పులకు పేనిన రాగి కొసే చాలు. వాటిలో 4 చదరపు మి.మీ. తీగ దూరదు గనుక మందం తీసుకొనే ముందు చూసుకోవాలి. బైండింగ్ పోస్టులకు 4 మి.మీ. బనానా ప్లగ్గులు గానీ, స్పేడ్ లగ్గులు గానీ అనుకూలం. స్క్రూ కింద నలిగే కొసకు మాత్రం టంకం వేయకూడదు. టంకం మెత్తటి లోహం. ఒత్తిడికి కాలక్రమంలో జారి, బిగువు సడలి, కలుపు వదులవుతుంది. అక్కడ ఒత్తి బిగించే పిన్ లగ్గు వాడాలి. టంకం కప్పు ఉన్న ప్లగ్గులకు 60/40 రెసిన్ కోర్ టంకం సరిపోతుంది. ముందు ప్లగ్గును, తీగను వేడిచేసి వాటి వేడికే టంకం కరగనివ్వాలి. సోల్డరింగ్ ఐరన్ మొన మీద కరిగించి బొట్టులా అంటిస్తే మసకగా, గరుకుగా కనిపించే చల్లకలుపు ఏర్పడుతుంది. 60/40 టంకంలో సీసం ఉంటుంది గనుక గాలి ఆడేచోట పనిచేయాలి, ముగిశాక చేతులు కడుక్కోవాలి. చివరగా హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. దాన్ని టంకానికి ముందే తీగ మీదికి ఎక్కించి ఉంచుకోవాలన్న సంగతి చాలామందికి టంకం వేశాకే గుర్తొస్తుంది.

ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ కోరేది కొసలే. మంచి తీగ కొని, కొస వదులుగా బిగించిన కేబులు కన్నా మామూలు తీగకు గట్టి కొస కట్టిన కేబులు ఎంతో మేలైనది.

పరీక్ష

కేబులును దేనికీ తగిలించక ముందు మల్టీమీటరుతో రెండు తీగల మధ్య కంటిన్యూటీ లేదని, ఒక్కో తీగకు ఈ కొస నుంచి ఆ కొసకు ఉందని చూడాలి. మామూలు మల్టీమీటరు లీడ్లకే కొంత నిరోధం ఉంటుంది కాబట్టి 0.1 ఓమ్‌ల స్థాయి కొలతకు అది పనికిరాదు. ఒక చివర రెండు తీగలను కలిపి, 1 ఆంపియర్ డీసీ కరెంటు పంపి, మరో చివర వోల్టేజి కొలిస్తే ఎన్ని మిల్లీవోల్టులు వస్తే అన్ని మిల్లీఓమ్‌లు. 5 మీటర్ల 1.5 కేబులుకు 133 దాటకుండా రావాలి.

ధ్రువత్వం చూడటానికి కేబులును స్పీకరుకు మాత్రమే తగిలించి, ఆంప్లిఫయర్ వైపు కొసలకు 1.5 వోల్టు బ్యాటరీని క్షణకాలం తాకించాలి. ధనాన్ని ఎర్ర తీగకు తాకిస్తే ఊఫర్ కోను ముందుకు కదలాలి. రెండు స్పీకర్లూ ఒకే తీరుగా కదలాలి. ఒకటి తలకిందులైతే బాస్ పలచబడి, పాట మధ్యలో నిలవాల్సిన గొంతు ఎటో చెదిరిపోతుంది. సొంతంగా చేసిన కేబుళ్లలో తరచు కనబడే తప్పు ఇదే.

వినికిడి పరీక్షలు

ఖరీదైన కేబుళ్లు వినికిడిలో తేడా చూపుతాయా అన్న ప్రశ్నపై అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ 1983 ఆగస్టు సంచికలో లారెన్స్ గ్రీన్‌హిల్ గుప్త పరీక్ష ఫలితాలు ప్రచురించారు. చాలా సన్నని 24 గేజీ తీగను పింక్ నాయిస్ అనే పరీక్షా రొదతో శ్రోతలు గుర్తించగలిగారు. 16 గేజీ మామూలు తీగకూ, మాన్‌స్టర్ కేబులుకూ మధ్య సంగీతంలో నమ్మదగిన తేడా చెప్పలేకపోయారు. అమెరికా కొలతలో 16 గేజీ అంటే 1.31 చదరపు మి.మీ., మన 40/36కు కాస్త పైన. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో 1991లో ఫ్రెడ్ డేవిస్ ప్రచురించిన కొలతలు కేబులును ఒంటరిగా కాక ఆంప్లిఫయర్, స్పీకరులతో కలిపి చూడాలని చూపించాయి. తేడా వినిపించిందనే శ్రోతలు ఇప్పటికీ ఉన్నారు. తెలియకుండా జరిపిన పరీక్షల్లో నిలిచిన తేడాలు మాత్రం నిరోధం, ప్రేరకత్వం, కెపాసిటెన్స్‌లతో లెక్కకు అందేవే.

భద్రత

స్పీకరు తీగకు కరెంటు ప్లగ్గులాంటి రెండు పిన్నుల ప్లగ్గు ఎన్నడూ బిగించకూడదు. మైక్ సెట్ల అలవాటుతో కొందరు ఇలా చేస్తారు. పిల్లలెవరైనా దాన్ని గోడ సాకెట్లో పెడితే 230 వోల్టులు స్పీకరుకూ, మనిషి చేతికీ చేరతాయి. 4 మి.మీ. బనానా ప్లగ్గు సైతం షట్టర్ లేని గుండ్రటి రంధ్రాల సాకెట్లో దూరగలదు. ఇదే కారణంగా ఐరోపాలో అమ్మే ఆంప్లిఫయర్ల బనానా రంధ్రాలను ప్లాస్టిక్ బిరడాలతో మూసి పంపుతారు. స్పీకరు తీగను కరెంటు తీగలున్న పైపులో నుంచి కాక విడి పైపులో తీసుకెళ్లాలి. వైరింగులో ఎర్తుకు కేటాయించిన ఆకుపచ్చ తీగను స్పీకరుకు వాడకూడదు.

బ్రిడ్జి పద్ధతిలో పనిచేసే ఆంప్లిఫయర్లకు మరో జాగ్రత్త అవసరం. మోనోగా కట్టిన ఎల్‌ఏ4440, ఇప్పటి చిన్న క్లాస్-డి బోర్డుల్లోని టీపీఏ3116 లాంటి ఐసీల్లో స్పీకరు రుణ కొస గ్రౌండు కాదు, దాని మీదా సంకేతం ఉంటుంది. తీగ ఆదా చేయడానికి రెండు స్పీకర్ల రుణాలను ఒకే తీగలో కలిపితే ఐసీ కాలిపోవచ్చు. ఒక్కో స్పీకరుకూ పూర్తి జత తీగ వేయాలి.

నిర్వహణ

పారదర్శక పీవీసీ ఉన్న తీగల్లో కొన్నేళ్లకు రాగి పచ్చబడుతుంది. తొడుగులోని రసాయనాలతో రాగి చర్య జరపడం దీనికి కారణం. తీగ మధ్యలో పచ్చబడితే పనికి లోటు రాదు. కొసలో పచ్చబడితే కలుపు నిరోధం పెరుగుతుంది గనుక ఆ అంగుళం కోసేసి కొత్త రాగి ఒలిచి బిగించాలి. మొదట్లో కలిపిన అర మీటరు మిగులు ఇందుకు పనికొస్తుంది. ఏడాదికోసారి బైండింగ్ పోస్టులు వదులయ్యాయేమో చూడాలి. ఎలుకలు తిరిగే అటకల మీద తీగను పైపులోకి మార్చాలి.